కోరం కోసం ఒక రోగి

మా పెళ్లయిన పదకొండో రోజున మా ఆయన రాసిన ఒక వాక్యానికి నలభై మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరచేతుల్లో గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. మొగుడి వాక్యానికి అలాంటి చేతులతో చప్పట్లు కొట్టడం ఎంత బాగుంటుందో కొట్టినవాళ్లకే తెలుస్తుంది.

ఆ వాక్యం ఇది: "రోగుల గురించి నిర్ణయాలు తీసుకునే గదిలో రోగి లేడు."

మా ఆయన పేరు శ్రీకర్. ప్రపంచ ఆరోగ్య పాలన, దాని రాజకీయార్థికం మీద పరిశోధన. అంటే ఏమిటని పెళ్లిచూపుల్లోనే అడిగాను. "ఎక్కడో ఒక గదిలో కూర్చున్న ఎనిమిది మంది, ఇంకెక్కడో దగ్గుతున్న మనిషికి ఏ మందు ఎప్పుడు అందాలో తేలుస్తారు. ఆ ఎనిమిది మందిని అక్కడ ఎవరు కూర్చోబెట్టారు, ఎందుకు కూర్చోబెట్టారు అన్నదే నా పరిశోధన" అన్నారు. ఇంత తేలిగ్గా చెప్పగలిగిన మనిషి నాలుగు వందల పేజీలు ఎందుకు రాస్తున్నాడో అర్థం కాలేదు గానీ, చెప్పేటప్పుడు ఆయన ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. ఒప్పేసుకున్నాను.

ఆయన పనిచేసే చోటు ప్రపంచ ఆరోగ్య పాలనా అధ్యయన కేంద్రం. విశాఖలో కొండ మీద, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. సమావేశాల మినిట్స్ రాయడానికి వాళ్లకి మనిషి కావాలంటే నేను చేరాను. ఎం.ఏ. చదివినందుకు వచ్చిన ఉద్యోగం అని మా అమ్మతో చెప్పాను. నిజానికి ఇద్దరం ఒకే స్కూటర్ మీద కొండ ఎక్కొచ్చని చేరాను.

కేంద్రం డైరెక్టర్ డాక్టర్ ఓరుగంటి సుధీంద్ర గారు. ఆయన వైద్యం చదివిన డాక్టర్ కాదు, ఆర్థికశాస్త్రంలో డాక్టర్. ఆ రోజు కేంద్రం సదస్సులో చప్పట్లు ఆగగానే ఆయన మైకు దగ్గరికి వచ్చి, "ఈ చారిత్రక లోటును మన కేంద్రమే ముందుగా పూడుస్తుంది. ఇకపై మన పాలక మండలిలో ఒక రోగి ఆసీనుడవుతాడు!" అని ప్రకటించారు. కేంద్రానికి నిధులిచ్చే విదేశీ కూటమి నుంచి మధ్యాహ్నానికల్లా అభినందనలు వచ్చాయి. సాయంత్రానికి నిబంధనావళిలో ఏడో నిబంధన పుట్టింది.

"పాలక మండలి సమావేశమునందు కనీసము ఒక రోగి ఆసీనుడై ఉండనిచో అట్టి సమావేశము సమావేశముగా పరిగణింపబడదు."

దాన్ని రాసింది పరిపాలనాధికారి వసుంధరాదేవి గారు. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఏ కాగితంలోనూ ఒక్క కామా తప్పు పోనివ్వలేదని ప్రతీతి. మండలి సభ్యుల పదవీకాలం మూడేళ్లు కాబట్టి, రోగి పదవీకాలం కూడా మూడేళ్లే అని కింద ఇంకో ముక్క చేర్చారు.

మా ఆయన అది రెండుసార్లు చదివారు.

"ఏవండీ, మీ వాక్యమేగా ఇది?"

"నేను రాసింది వాక్యం, మైథిలీ. ఇది నిబంధన."

"తేడా ఏమిటి?"

"వాక్యాన్ని కొట్టేయొచ్చు."

రోగి కోసం పత్రికలో ప్రకటన వేశారు. అర్హతల గురించి మండలి సభ్యులు టీ పేరుతో కలుసుకుని రెండు పూటలు చర్చించారు. "మరీ మంచం పట్టినవారు వద్దు, కుర్చీలో నిలవరు. మరీ హుషారుగా తిరిగేవారూ వద్దు, కూటమికి ఫొటో పంపాలి. మధ్యస్థంగా రుగ్ణులై ఉండాలి" అని డైరెక్టర్ గారు మార్గదర్శనం చేశారు. జబ్బు కూడా కూటమి ప్రాధాన్య జాబితాలోదే అయి ఉండాలి. మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక పెద్దావిడని, "మీ జబ్బుకి ప్రపంచ స్థాయి లేదమ్మా" అని మర్యాదగా పంపేశారు. వడపోత పూర్తవడానికి నెలన్నర పట్టింది.

చివరికి ఎంపికైనవాడు ముగడ సన్యాసిరావు. యాభై ఏళ్లు ఉంటాయి. ఆడపిల్లల హాస్టల్లో ఇరవై రెండేళ్లుగా వంటమనిషి. డిసెంబరులో టీబీ అని తేలింది. మా కేంద్రం కింది అంతస్తులో ఉన్న క్లినిక్కులోనే ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. హాస్టల్ వార్డెన్ ఆయనకి ఒకే మాట చెప్పిందట. "నయమైందని కాగితం తే, గరిట నీదే. జూన్ పన్నెండున హాస్టల్ తెరిచేనాటికి తేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం."

మొదటి సమావేశంలో ఆయన ముందు బల్ల మీద ఇత్తడి ఫలకం పెట్టారు. మిగతావాళ్ల ఫలకాల మీద పేర్లున్నాయి. ఆయన ఫలకం మీద "రోగి" అని ఉంది. ఆయన వల్ల జబ్బు అంటుకునే ప్రమాదం ఇప్పుడు లేదని డాక్టర్ చెప్పినా, కుర్చీని మాత్రం కిటికీ పక్కన, మిగతా ఎనిమిది కుర్చీలకి దూరంగా వేశారు. సముద్రం మీది గాలి సరాసరి ఆయన మొహానికే తగులుతోంది.

"సల్లగా శానా బాగుందమ్మా ఈ గాలి" అన్నాడు నాతో. "రోగం రాకపోతే నాకీ కుర్సీ ఎవుడిస్తాడు?"

మినిట్స్ రాసే పద్ధతి వసుంధరాదేవి గారే నేర్పారు. సన్యాసిరావు, "మందులేసుకున్నాక ఆకలి దంచేత్తోందండి" అంటే, "చికిత్సాకాల పోషణ అవసరాలపై రోగి వాణి బలంగా వినిపించింది" అని రాయాలి. ఒకసారి ఆయన, "మా ఈదిలో ఇద్దరికి వారం నించీ మందుల్లేవండి" అన్నాడు. డైరెక్టర్ గారు కళ్లు మూసుకుని, "ఎంత ప్రామాణికమైన స్వరం!" అన్నారు. ఆ ఇద్దరికీ మందులు వెళ్లలేదు. ఆ స్వరం మాత్రం ఆయన ఫొటోతో సహా వార్షిక నివేదిక అట్ట మీదికి వెళ్లింది.

ఇలా ఐదు సమావేశాలు జరిగాయి. టీ విరామంలో ఆయన నాకు వంటలు చెప్పేవాడు. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు వేయాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ కూర తిని మా ఆయన మళ్లీ కంచం చాపారు. నా కాపురానికి ప్రపంచ ఆరోగ్య పాలన చేసిన ఏకైక మేలు అదే.

మే నెలాఖరున సన్యాసిరావు మాడుగుల హల్వా పొట్లంతో వచ్చాడు.

"తగ్గిపోనాదమ్మా! తెమడ పరీచ్చ, ఎక్స్‌రే అన్నీ సుబ్బరంగా ఉన్నాయంట. తీసుకో, నోరు తీపి సేసుకో. డైరెట్రు బాబుకి కూడా ఇచ్చీమ్మా."

నేను హల్వా పట్టుకుని డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి విషయం చెప్పాను. చావుకబురు చెప్పినా ఆయన ముఖం అంతగా వాడి ఉండేది కాదేమో.

"నయమైందా? పూర్తిగానా?"

"పూర్తిగానే సార్."

"రెండున్నరేళ్ల పదవీకాలం మిగిలి ఉండగానే!"

వసుంధరాదేవి గారిని పిలిపించారు. ఆవిడ సన్యాసిరావుని నిలబెట్టి అడిగారు. "స్వస్థత పొందడానికి ముందస్తు అనుమతి తీసుకున్నారా?"

"నానేటి సేత్తానమ్మా? మాత్రలు మీ డాట్రమ్మే ఇచ్చినారు. ఏసుకోమన్నారు, ఏసుకున్నాను."

"ఆరు నెలల్లో తగ్గే జబ్బుని మూడేళ్ల పదవిలో ఎలా కూర్చోబెట్టారు?" అని, అలికిడి విని పక్క గదిలోంచి వచ్చిన మా ఆయన అడిగారు. అందరూ ఆయన్ని, ఎంత అమాయకుడన్నట్టు చూశారు. పదవీకాలం నిబంధన ప్రకారం ఉంటుంది. జబ్బు నిబంధన ప్రకారం నడవకపోతే తప్పు జబ్బుదే.

మర్నాడు సన్యాసిరావుని క్లినిక్కు డాక్టర్ పద్మజ గారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ తల పట్టుకున్నారు. "నయమైందమ్మా, గుండ్రాయిలా ఉన్నాడు. కానీ సంతకం పెట్టనివ్వడం లేదు. ఆయన పాలక మండలి సభ్యుడట, నేను మండలి కింద ఉద్యోగినట. మండలి సభ్యుడికి ధ్రువపత్రం ఇవ్వాలంటే మండలి ఒప్పుకోవాలని నిన్న ఉత్తరం ఇచ్చారు. ధ్రువీకరించిన మినిట్స్‌లో ఒక్క వాక్యం చూపించు, ఆ నిమిషమే సంతకం పెడతాను."

పెద్దాసుపత్రికీ వెళ్లి చూశాడట. "మందులు ఎక్కడ తిన్నావో కాగితం అక్కడే" అని పంపేశారు.

జూన్ మూడున మండలి సమావేశమైంది. ఎనిమిది మంది సభ్యులు, కిటికీ పక్కన రోగి. గోడ మీది తెరపై విదేశీ కూటమి ప్రతినిధి చిరునవ్వుతో ఉన్నారు. నెట్ ఆగిపోయి ఆ నవ్వు అలా నిలిచిపోయిందని తెలియడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు ఆ నవ్వుని ఆమోదంగా నమోదు చేయించారు.

"ఇప్పుడు సభ్యుని స్వస్థత అంశం" అన్నారు వసుంధరాదేవి గారు. "సొంత విషయం చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు బయటికి వెళ్లాలి. పదకొండో నిబంధన."

సన్యాసిరావు లేచి బయటికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

"ఇప్పుడు సభలో రోగి లేరు" అన్నారు ఆవిడే. "ఏడో నిబంధన ప్రకారం ఇది సభ కాదు."

ఆయన్ని లోపలికి పిలిచారు. లోపలికి వచ్చాడు కాబట్టి చర్చించకూడదు. బయటికి పంపారు. బయటికి వెళ్లాడు కాబట్టి సభ లేదు. నాలుగుసార్లు తిరిగాక ఆయన తలుపు దగ్గరే ఆగి, "సార్లూ, నడక మంచిదే అన్నారు డాట్రమ్మ. ఎంతసేపు నడవాలో సెప్పీండి, అలాగే నడుత్తాను" అన్నాడు.

"రాజీనామా చేయించండి" అన్నారు ఒక సభ్యుడు.

"రాజీనామా ఆమోదించాలన్నా ఆయన బయటికి వెళ్లాలి సార్" అన్నారు వసుంధరాదేవి గారు. "పైగా ఛార్జి అప్పగించకుండా ఎవరూ పదవి వదలకూడదు. సన్యాసిరావు గారూ, మీ తర్వాత వచ్చే రోగికి మీరు ఛార్జి ఇవ్వాలి."

"ఏటియ్యాలమ్మా? దగ్గా?"

ఎవరూ నవ్వలేదు. నేను నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఆయన శరీరంలో ఇంకేమైనా రోగం మిగిలి ఉందేమో పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేద్దాం" అని మరొకరు అన్నారు. ఉపసంఘం అక్కడికక్కడే లేచి వెళ్లి సన్యాసిరావు నాలుక చూసింది, మడమలు చూసింది, నిద్ర పడుతోందా అని అడిగింది. "పడుకుంటే చాలు, పట్టేత్తాదండి" అన్నాడు ఆయన. ఉపసంఘం నిరాశగా తిరిగొచ్చి కూర్చుంది.

చివరికి వసుంధరాదేవి గారే మార్గం కనిపెట్టారు. రోగి కుర్చీని తెచ్చి గుమ్మంలో వేయించారు. ముందు కాళ్లు గదిలో, వెనక కాళ్లు వరండాలో. "ముందు కాళ్లు లోపల ఉన్నాయి కనుక రోగి ఆసీనుడై ఉన్నట్టే, సభ ఉంది. వెనక కాళ్లు బయట ఉన్నాయి కనుక సభ్యుడు బయట ఉన్నట్టే, చర్చ జరపవచ్చు."

సభ్యులు బల్ల చరిచారు. చర్చ ఆయన చెవిన పడకూడదు కాబట్టి చెవుల్లో దూది పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు. అప్పుడింకో సభ్యుడికి సందేహం వచ్చింది. మాటలు వినపడని రోగిని సభలో వాణి అనవచ్చునా? దూది తీయమన్నారు. వినపడలేదు. నేనే వెళ్లి తీశాను.

డైరెక్టర్ గారి సహనం అక్కడ తెగిపోయింది. ఆ నెల్లోనే ఆయన విదేశీ పర్యటన ఆమోదం పొందాలి. "చూడండి! ఆయనకి జబ్బు పూర్తిగా నయమైందని ఇక్కడున్న మనందరికీ తెలుసు. ప్రశ్న అది కాదు! ప్రశ్న సంస్థాగత కొనసాగింపు!"

"అవునవును, నయమైందని తెలుసు" అని ఎనిమిది తలలూ ఊగాయి. అంశాన్ని మరింత లోతుగా అధ్యయనం చేయాలని తీర్మానించి, జూన్ పదకొండుకి మరో సమావేశం పెట్టి టీ తాగారు.

సన్యాసిరావు గుమ్మంలో అలాగే కూర్చున్నాడు. టీ తీసుకెళ్లి ఇచ్చాను.

"పన్నెండో తారీకు అందుకుంటానా, అమ్మా?" అన్నాడు. నవ్వకుండా ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి. "రోగం వొచ్చినప్పుడు కూడా ఇంత బెంగ పడ్నేదు. గరిట పోతే నా సేతులకి ఇంకే పనీ రాదు."

"అందుకుంటారు బాబాయ్ గారూ" అన్నాను. ఎలాగో నాకు తెలియదు.

ఆ సాయంత్రం మినిట్స్ రాయడానికి కూర్చున్నాను. అలవాటు ప్రకారం, "స్వస్థత అంశంపై సభ్యులు సంస్థాగత కొనసాగింపు కోణంలో విస్తృతంగా చర్చించారు" అని మొదలుపెట్టి ఆగాను. నా నోటు పుస్తకంలో డైరెక్టర్ గారి మాట ఉన్నది ఉన్నట్టు ఉంది. ఆ మాట అన్నప్పుడు కుర్చీ గుమ్మంలోనే ఉంది. సభ ఉంది. చర్చ చెల్లుతుంది.

కొట్టేసి మళ్లీ రాశాను. "శ్రీ ముగడ సన్యాసిరావుకు జబ్బు పూర్తిగా నయమైందని సభ్యులందరూ అంగీకరించారు." ఏడు నెలల్లో నేను అలంకారం లేకుండా రాసిన మొదటి వాక్యం.

మా ఆయన నా భుజం మీదుగా చదివారు. పదకొండున సమావేశంలో మొదటి అంశం గత మినిట్స్ ధ్రువీకరణ. అది మాత్రం ఎవరి సొంత విషయమూ కాదు, ఎవరూ బయటికి వెళ్లక్కర్లేదు. కానీ ధ్రువీకరించిన మరుక్షణం సన్యాసిరావు రోగి కాడు. రోగి లేకపోతే సభ లేదు. మిగతా అంశాలు ఏవీ ముందుకు పోవు.

"ఆరో అంశం నాది, మైథిలీ" అన్నారు మెల్లగా. ఆయన పరిశోధనకి మరో ఏడాది పొడిగింపు. అది రాకపోతే నాలుగు వందల పేజీలూ అట్ట పెట్టెలోకి వెళ్తాయి.

"తెలుసు" అన్నాను. "వద్దంటే మార్చేస్తాను."

ఇద్దరం స్కూటర్ మీద కొండ దిగాం. బీచ్ రోడ్డు మీద ముంత మసాలా బండి దగ్గర ఆపి రెండు పొట్లాలు కట్టించారు. నా పొట్లంలో ఉల్లిపాయ ఎక్కువ వేయించారు.

"నేను నాలుగేళ్లుగా ఆ గది గురించి రాస్తున్నాను" అన్నారు. "ఆ గదిలోంచి ఒక్క మనిషి కూడా పని జరిపించుకుని బయటికి రాలేదు. మార్చకు."

ఆయనకి మరమరాలు గొంతులో అడ్డం పడ్డాయి. భయపడుతున్నారని అర్థమైంది. వీపు మీద తట్టాను. పెళ్లి చేసుకున్నందుకు అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

జూన్ పదకొండు. వసుంధరాదేవి గారు ఫైలు తెరిచి, "అంశం ఒకటి. గత సమావేశ మినిట్స్ ధ్రువీకరణ" అన్నారు. ఆ సంస్థ పుట్టినప్పటి నుంచి గత మినిట్స్ ఎవరూ చదవలేదు. జీడిపప్పు పళ్లెం చేతులు మారుతుండగా, తిరుమల క్యూలో గోవిందలు కొట్టినట్టు అందరూ ఒక్క గొంతుతో "ధ్రువీకరించాం" అన్నారు. డైరెక్టర్ గారు సంతకం చేశారు. నేను ఆ కాగితం పట్టుకుని మెట్లు రెండేసి దూకుతూ కిందికి పరిగెత్తాను. పద్మజ గారు వాక్యం ఒకటికి రెండుసార్లు చదివి, ధ్రువపత్రం మీద సంతకం పెట్టి, ముద్ర ఎంత గట్టిగా వేశారంటే బల్ల మీది స్టెతస్కోపు జారి కింద పడింది.

నేను పైకి వచ్చేసరికి రెండో అంశం నడుస్తోంది. ధ్రువపత్రం సన్యాసిరావు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కళ్లకి అద్దుకుని లేచి నిలబడ్డాడు.

"మరి నానెళ్లొత్తానండి."

"ఇంకా పది అంశాలున్నాయి, కూర్చోండి!" అన్నారు డైరెక్టర్ గారు.

వసుంధరాదేవి గారికి అనుమానం వచ్చింది. నా చేతిలోని మినిట్స్ అందుకుని, ఆ సంస్థ చరిత్రలో మొదటిసారి, చదివారు. ఆవిడ వేలు ఒక వాక్యం మీద ఆగింది.

"సార్, ఈయనకి నయమైందని ఇప్పుడే మనం ధ్రువీకరించాం. సభలో రోగి లేరు."

"మరి ఈయన ఎవరు?"

"సందర్శకుడు సార్."

"సందర్శకులు పాలక మండలి గదిలోకి ఎలా వచ్చారు? బయటికి పంపండి!"

పంపేశారు. సన్యాసిరావు అందరికీ దండం పెట్టి, వాళ్ల ఆజ్ఞ ప్రకారమే బయటికి నడిచాడు. ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద దూరమయ్యాక గానీ డైరెక్టర్ గారికి తన విదేశీ పర్యటన ఎనిమిదో అంశమని గుర్తు రాలేదు.

"సరే, సభని వాయిదా వేద్దాం."

"వాయిదా వేసే అధికారం సభకే ఉంది సార్. ఇది సభ కాదు."

"అయితే లేచి వెళ్లిపోదాం."

"మొదలైన సభ ముగియకుండా సభ్యులు లేవకూడదు. పద్నాలుగో నిబంధన."

ఎనిమిది మందీ ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. తెర మీద కూటమి ప్రతినిధి నవ్వుతూనే ఉన్నారు. మా ఆయన ఆరో అంశం కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకున్నారు.  సంచి పట్టీ నేను బిగించాను. మేము సభ్యులం కాదు కాబట్టి బయటికి రావచ్చు.

గేటు దగ్గర సన్యాసిరావు ఆటో ఎక్కుతున్నాడు. వెనక నుంచి వసుంధరాదేవి గారు పరిగెత్తుకొచ్చారు. ఆవిడ సభ్యురాలు కాదు గనక ఆవిడకీ ఆ వెసులుబాటు ఉంది.

"సన్యాసిరావు గారూ! ఒక్క ఐదు నిమిషాలు మళ్లీ రోగిగా వచ్చి కూర్చోండి. సభ ముగించుకుంటాం!"

ఆయన ఆటోలోంచి తల బయటపెట్టి ఆవిడని జాలిగా చూశాడు.

"నాకు కుదర్దమ్మా. రేపొద్దున్న మా హాస్టల్లో రెండొందల మంది గుంటలకి ఉప్మా సెయ్యాల. మీరు పైన ఎనమండుగురున్నారు గదా, ఎవులో ఒకలు బేగి రోగం తెచ్చుకోండి."

ఆటో కొండ దిగిపోయింది. వసుంధరాదేవి గారు ఆ సూచనని చేతిలోని కాగితం మీద పొల్లుపోకుండా రాసుకుని, మెట్లెక్కి పైకి వెళ్లారు.